మొహమాటం పద్దు: మీ మీద మీరే చేసుకునే నాలుగు వారాల ప్రయోగం

పదకొండేళ్లుగా మాట్లాడని హాస్టల్ రూమ్మేట్‌కి ఫోన్ చేయాలని నేను దాదాపు రెండేళ్లు అనుకుంటూనే ఉన్నాను. నంబరు ఉంది, తీరిక ఉంది, మా మధ్య గొడవేమీ లేదు. అయినా చేయలేదు. "ఇన్నాళ్లకు గుర్తొచ్చానా అంటాడేమో", "ఏదో పనిబడి చేశాననుకుంటాడేమో", "అప్పు అడుగుతానని భయపడతాడేమో". ఇలాంటి ఏమోలన్నిటికీ కలిపి మన భాషలో ఒక్క మాట ఉంది. మొహమాటం.

దాన్ని మనం స్వభావం అనుకుంటాం. "నాకు మొహమాటం ఎక్కువండీ" అని రక్తపు గ్రూపు చెప్పినంత ఖాయంగా చెప్పేస్తాం. పలకరింపుల మీద, కృతజ్ఞత మీద, ఇచ్చిపుచ్చుకోవడం మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు చదివాక నాకు వేరేగా అనిపించింది. మొహమాటంలో పెద్ద భాగం ఒక అంచనా. ఎదుటి మనిషి ఎలా తీసుకుంటాడో మనం ముందే కట్టేసే లెక్క. ఆ లెక్క చాలాసార్లు తప్పుతోంది, అదీ ఎప్పుడూ ఒకే వైపుకు. స్వభావాన్ని మార్చుకోవడం కష్టం కావచ్చు గానీ, లెక్క అన్నాక సరిచూసుకోవచ్చు కదా. సరిచూసుకునే పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. కావలసినవి: చిన్న నోటుబుక్కు, పెన్ను, రోజుకు పది నిమిషాలు, నాలుగో వారానికి ఓ మూడు వందల రూపాయలు.

మొదటి పని: పద్దు గీసుకోండి

పేజీని నాలుగు గళ్లుగా గీయండి. తేదీ, ఏం చేయబోతున్నాను, ముందు అంకె, తర్వాత అంకె. అంకెలు 1 నుంచి 10 వరకు. 1 అంటే ప్రాణం మీదికి వచ్చినంత ఇబ్బంది, 10 అంటే రోజంతా తలుచుకునేంత హాయి.

నియమం ఒక్కటే. ముందు అంకెను పని చేయకముందే రాయాలి. ఇది చాదస్తం కాదు. పని అయిపోయాక మనసు పాత అంచనాను గుట్టుచప్పుడు కాకుండా దిద్దేస్తుంది. "నాకు ముందే తెలుసు బాగుంటుందని" అంటుంది. ఇంక్‌తో రాసి పెట్టిన అంకె ఉంటే ఆ మాట అనలేదు.

ఈ రెండు అంకెల మధ్య తేడాకు మెదడులో ఒక దగ్గరి పోలిక ఉంది. వోల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే న్యూరో సైంటిస్టు కోతులకు పళ్లరసం చుక్కలు ఇస్తూ, డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలు ఎప్పుడు స్పందిస్తాయో రికార్డు చేశాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. కాసేపటికి, లైటు వెలిగితే రసం వస్తుందని కోతి నేర్చుకుంది. అప్పటి నుంచి కణాలు లైటుకే స్పందించాయి, రసం వచ్చినప్పుడు మామూలుగా ఉండిపోయాయి. లైటు వెలిగీ రసం రాకపోతే మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయాయి. అంటే ఆ కణాలు లెక్కపెడుతున్నది రసాన్ని కాదు, అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడాను. 1997లో పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి షుల్ట్జ్ ఈ సంగతిని సైన్స్ పత్రికలో వివరించాడు. మెదడు నేర్చుకునేది ఆ తేడా నుంచే.

పనిలో పనిగా ఒక మాట. డోపమైన్‌ని "హ్యాపీ కెమికల్" అని రీల్స్‌లో చెప్పేవాళ్లను నమ్మకండి. మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్ బృందం ఎలుకల్లో డోపమైన్ దాదాపు లేకుండా చేసి చూసింది. నోట్లో తీపి పెడితే అవి ఎప్పటిలాగే ఇష్టంగా నాలుక చప్పరించాయి. పోయింది కోరిక. తిండి పక్కనే ఉన్నా దాని దగ్గరికి వెళ్లాలన్న తపన లేకుండా పోయింది. కావాలనుకోవడం వేరు, బాగుందనిపించడం వేరు. ఫోన్‌లో గంటసేపు వేలితో పైకి తోస్తూ కూర్చుని, చివరికి చిరాకుతో లేచేవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒకటో వారం: పేరు తెలియని పరిచయస్తులు

ముందే కొత్తవాళ్ల జోలికి పోకండి. రోజూ కనిపిస్తూ, పేరు కూడా తెలియనివాళ్ల జాబితా రాయండి. ఇస్త్రీ బండాయన, పాలప్యాకెట్లు వేసే కుర్రాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, టిఫిన్ సెంటర్‌లో టోకెన్లు ఇచ్చే ఆవిడ, వాకింగ్‌లో రోజూ ఎదురుపడే తెల్ల బూట్ల పెద్దాయన. నా జాబితాలో పద్నాలుగు మంది తేలారు. వాళ్లలో ముగ్గురి పేర్లు మాత్రమే తెలుసని అప్పుడే నాకూ తెలిసింది.

గిలియన్ శాండ్‌స్ట్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద పరిశోధన మొదలుపెట్టడానికి కారణం ఒక హాట్‌డాగ్ బండి. టొరంటోలో చదువుకునే రోజుల్లో ఆమె దారిలో ఒకావిడ ఆ బండి నడిపేది. శాండ్‌స్ట్రామ్ ఎప్పుడూ హాట్‌డాగ్ కొనలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వి, చెయ్యి ఊపుకునేవాళ్లు. అంతే. కానీ ఆవిడ కనిపించని రోజు ఏదో వెలితిగా ఉండేదట. తర్వాత ఎలిజబెత్ డన్‌తో కలిసి ఆమె ఈ సంగతిని కాఫీ షాపులో పరీక్షించింది. కొందరిని కాఫీ ఇచ్చేవాళ్లతో కళ్లలోకి చూసి నవ్వి, నాలుగు మాటలు మాట్లాడమన్నారు. కొందరిని మాటలు లేకుండా, టైమ్ వేస్ట్ చేయకుండా తీసుకుని రమ్మన్నారు. మాట్లాడి వచ్చినవాళ్లే మరింత ఉల్లాసంగా ఉన్నారు. టర్కీలో షటిల్ బస్సు డ్రైవర్‌కి నమస్కారమో థ్యాంక్సో చెప్పి ఎక్కిదిగినవాళ్లలోనూ ఇదే కనిపించింది.

చేయాల్సింది ఇది. రోజుకు ఒకరు. అడుగు ఆపండి, ముఖం వైపు చూడండి, ఒక్క వాక్యం అనండి. ఆ వాక్యం ఆ మనిషికి మాత్రమే సరిపోయేదై ఉండాలి. "బాగున్నారా" అనేది అందరికీ సరిపోతుంది కాబట్టి ఎవరికీ తగలదు. "నిన్న బండి పెట్టలేదేం, ఊరెళ్లారా?" అనడంలో మీరు గమనించారన్న సంగతి ఉంది. "అల్లం పచ్చడి మా ఇంట్లో ఎంత చేసినా ఇలా రావట్లేదండీ" అంటే చాలు, టోకెన్ల ఆవిడ బెల్లం ఎంత వేయాలో చెప్పకుండా మిమ్మల్ని వదలదు.

ఇంకొకటి, పేరు అడగండి. మనం "బాబూ", "అన్నా", "అమ్మా" అంటూ ఏళ్లు గడిపేస్తాం, ఆ వరసలు మర్యాదగానే ఉంటాయి గానీ వాటి చాటున పేరు దాగిపోతుంది. "ఇన్నాళ్లూ అడగనేలేదు, మీ పేరేంటన్నా?" అనడానికి నేను ముందు అంకె 3 వేసుకున్నాను. తర్వాత అంకె 8. ఇస్త్రీ ఆయన పేరుతోపాటు కొడుకు చదువు సంగతీ, బొగ్గు ధర పెరిగిన సంగతీ చెప్పాడు.

రెండో వారం: కొత్తవాళ్లు

ఈ వారమే కష్టం. అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

షికాగో శివారులో హోమ్‌వుడ్ అనే రైల్వే స్టేషన్ ఉంది. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు అక్కడ ఉదయం ఆఫీసులకు వెళ్లే ప్రయాణికులను మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపు పక్క సీటు వాళ్లతో మాట కలపాలి. ఒక గుంపు ఎవరితోనూ మాట్లాడకుండా ఏకాంతంగా కూర్చోవాలి. మూడో గుంపు రోజూ ఎలా వెళ్తే అలాగే వెళ్లాలి. మాట కలిపినవాళ్లు తమ ప్రయాణం అందరికంటే బాగా సాగిందని చెప్పారు. అసలు తమాషా వేరే ఉంది. అలాంటి ప్రయాణికులనే మరికొందరిని "మీరైతే ఎలా ఉంటుందనుకుంటున్నారు?" అని ఊహించమంటే, ఫలితాన్ని తలకిందులుగా చెప్పారు. మాట్లాడటమే అన్నిటికంటే విసుగు అన్నారు. పక్కవాళ్లలో సగం మంది కూడా మాట్లాడటానికి ఇష్టపడరని అంచనా వేశారు. 2014లో అచ్చయిన ఈ పరిశోధనను తర్వాత లండన్ రైళ్లలో మళ్లీ చేశారు. అక్కడివాళ్లు రైల్లో నోరు మెదపరని పేరు. అక్కడా ఇదే తేలింది.

ఇందులోని కిటుకు చూడండి. బోగీలో కూర్చున్న ప్రతివాడూ "నాకు ఫర్వాలేదు గానీ వాడికి ఇష్టం ఉండదు" అనుకుంటున్నాడు. వాడూ అదే అనుకుంటున్నాడు. ఇద్దరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు. ఒకరి మౌనం ఇంకొకరికి సాక్ష్యమైపోతుంది.

మన రైళ్లకూ బస్సులకూ ఈ లెక్క నేరుగా వర్తిస్తుందా? పూర్తిగా కాదు. జనరల్ బోగీలో నలుగురు కూర్చునే బల్ల మీద ఆరో మనిషికి చోటిచ్చి, పులిహోర పొట్లం విప్పి "తీసుకోండి" అనే అలవాటు మనకు ఉంది. అది తగ్గింది ఏసీ బోగీల్లో, మెట్రోలో, లిఫ్టుల్లో. మనకు ఇంకో చిక్కు కూడా ఉంది, షికాగోలో లేనిది. మాట కలిస్తే ఐదో నిమిషానికి అది ఇంటిపేరు దగ్గరికి వస్తుంది. ఇంటిపేరు ఎందుకు అడుగుతున్నారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఆ తర్వాత జీతం, ఆ తర్వాత పెళ్లి, పిల్లలు. ఇవి భరించలేక నోరు కట్టేసుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లది మొహమాటం కాదు, అనుభవం.

కాబట్టి ఈ వారానికి మన చోటికి తగ్గ నియమాలు పెట్టుకోవాలి. ఇంటిపేరు, జీతం, పెళ్లి: ఈ మూడూ అడగకండి. ఎదుటివాళ్లు అడిగితే నవ్వి మాట మార్చండి. కళ్లు మూసుకున్నవాళ్లను, పుస్తకంలో మునిగినవాళ్లను, ఫోన్‌లో టెన్షన్‌గా మాట్లాడి పెట్టినవాళ్లను వదిలేయండి. మగవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి: ఒంటరిగా ప్రయాణిస్తున్న ఆడవాళ్లతో ఈ ప్రయోగం చేయకండి. ఆవిడ మౌనానికి ఆవిడ కారణాలు ఆవిడకు ఉంటాయి. ఆడవాళ్లయితే ఆడవాళ్లతో, పెద్దవాళ్లతో, కుటుంబాలతో మొదలుపెట్టండి. రాత్రి బస్సులు, ఖాళీ లిఫ్టులు అసలు వద్దు.

ఇక మొదలుపెట్టడం ఎలా? మీ ఇద్దరి ఎదుటా ఉన్న వస్తువునో, సంగతినో పట్టుకోండి. "ఈ బండి రోజూ ఇంతేనా ఆలస్యం?" "ఆ మొక్క ఏం మొక్కండీ, ఆకులు భలే ఉన్నాయి." "ఈ క్యూ కదులుతోందంటారా?" సమాధానం వచ్చాక రెండో ప్రశ్న ఆ సమాధానంలోంచే తీయండి. హార్వర్డ్‌లో కారెన్ హువాంగ్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో, ప్రశ్నలు ఎక్కువ అడిగినవాళ్లను ఎదుటివాళ్లు ఎక్కువ ఇష్టపడ్డారు. ముఖ్యంగా చెప్పినదాన్ని పట్టుకుని అడిగే ప్రశ్నలు అడిగినవాళ్లను. ఆయన "నర్సరీ నుంచి తెస్తున్నా" అంటే మీరు వెంటనే మీ బాల్కనీ గులాబీ కథ ఎత్తుకోకండి. "ఎక్కడ పెడతారు, డాబా మీదా?" అనండి. మీ గులాబీకి తర్వాత వంతు వస్తుంది.

ముగించడం కూడా ముందే అనుకోండి. చాలామంది మొదలుపెట్టడానికి జంకేది మొదలు గురించి కాదు, ఇది ఎప్పుడు తెగుతుందో తెలియక. "సరే అండీ, కాసేపు ఈ పని చూసుకుంటాను, మంచి మాటలు చెప్పారు" అని ఫోన్ తీస్తే ఎవరూ నొచ్చుకోరు.

రోజుకొకరు చొప్పున ఏడు రోజులు చేయాలి. ఒక్కసారి చేసి బాగుందనుకుని వదిలేస్తే మనసు దాన్ని అదృష్టం ఖాతాలో వేస్తుంది. "ఇవాళ మంచివాడు తగిలాడు, రేపు తగలడు." శాండ్‌స్ట్రామ్ బృందం 2022లో ఇదే కనుక్కుంది. "ఆసక్తిగా అనిపించే చెప్పులేసుకున్న మనిషిని వెతికి పలకరించండి" వంటి పనులు వారం రోజులు ఆటలాగా ఇస్తూ పోతే, తిరస్కరిస్తారన్న భయం రోజురోజుకూ తగ్గి, మాట్లాడగలనన్న ధైర్యం పెరిగింది. మన దగ్గరైతే గొడుగున్న మనిషి, మల్లెపూలున్న మనిషి, స్టీలు క్యారియర్ ఉన్న మనిషి అని పెట్టుకోవచ్చు.

అంతర్ముఖులు "ఇది మా వల్ల కాదు" అంటారు. నేనూ ఆ గుంపే. కెనడాలో జాన్ జెలెన్‌స్కీ చేసిన ప్రయోగాల్లో అంతర్ముఖులు కలుపుగోలుగా ప్రవర్తించమంటే ప్రవర్తించారు, సంతోషంగానూ ఉన్నారు. వాళ్లు తక్కువ అంచనా వేసిందల్లా తమకు ఎంత బాగుంటుందన్నదే. అయితే అది కొద్దిసేపటి ప్రయోగం, రోజంతా అలా నటించమని కాదు. రోజుకు ఒక్కరు, ఐదు నిమిషాలు.

ఇంటికొచ్చాక "ఛ, అలా అనకుండా ఉండాల్సింది, పిచ్చివాణ్ణనుకుని ఉంటాడు" అన్న రీప్లే మొదలవుతుంది. పద్దులో తర్వాత అంకెను ఆ రీప్లేకి ముందే వేసేయండి. ఎరికా బూత్‌బీ, శాండ్‌స్ట్రామ్ మరికొందరితో కలిసి 2018లో చూపించింది ఈ రీప్లే గురించే. కొత్తవాళ్లిద్దరు మాట్లాడుకున్నాక ఇద్దరినీ విడివిడిగా అడిగితే, "నేను ఆవిణ్ణి ఇష్టపడినంతగా ఆవిడ నన్ను ఇష్టపడలేదు" అని ఇద్దరూ అంటారు. ఇద్దరి మాటా నిజం కావడం అసాధ్యం. ఒకే చోట కలిసి ఉండే కాలేజీ హాస్టల్ విద్యార్థుల్లో ఈ అపోహ నెలల తరబడి నిలిచింది.

మూడో వారం: పాత నంబరు, ఒక ఉత్తరం

ఇప్పుడు ఆ రూమ్మేట్ సంగతి. అమిత్ కుమార్, ఎప్లీ 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదానిలో, పాత స్నేహితుణ్ణి ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో పలకరించమన్నారు. ఫోన్ అయితే ఇబ్బందిగా ఉంటుందని జనం ముందే అన్నారు. చేశాక చూస్తే ఇబ్బందిలో తేడా లేదు, దగ్గరితనం మాత్రం గొంతు విన్నవాళ్లకే ఎక్కువ. పెగ్గీ లియూ బృందం 2022లో దాదాపు ఆరు వేల మందితో చేసిన వరస ప్రయోగాల్లో, ఊరికే గుర్తొచ్చి పలకరిస్తే అవతలివాళ్లు ఎంత మెచ్చుకుంటారో మనం తక్కువ అంచనా వేస్తామని తేలింది. అవతలివాళ్లకు అది ఎంత అనూహ్యంగా వస్తే అంత ఎక్కువ మెచ్చుకుంటారు. అంటే ఎన్నేళ్లు గడిచాయన్నది మీరనుకున్నట్టు అడ్డంకి కాదు, ఒకరకంగా అదే మీ పెట్టుబడి.

వాట్సాప్‌లో పువ్వు బొమ్మ మీద గుడ్ మార్నింగ్ ఈ లెక్కలోకి రాదు. అది నూటపాతిక మందికి ఒకేసారి వెళ్లిందని అందరికీ తెలుసు.

ఫోన్ చేసినప్పుడు మొదటి పది సెకన్లలో భయాన్ని తీసేయండి: "పనేం లేదురా, ఊరికే చేశాను." మన వాళ్లకు ఇది చాలా ముఖ్యం. పన్నేళ్ల తర్వాత వచ్చిన ఫోన్ అంటే అప్పో, శుభలేఖో, చావు కబురో అని మనకు అలవాటు. తర్వాత ఎందుకు గుర్తొచ్చాడో చెప్పండి. "ఇవాళ మెస్‌లో దొండకాయ వేపుడు చూశాను, నువ్వు ప్లేటు విసిరేసిన రోజు గుర్తొచ్చింది." డల్లస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే అక్కడి టైమ్ చూసుకుని చేయండి. అర్ధరాత్రి మోగే ఇండియా నంబరు వాళ్లను మంచం మీంచి దూకిస్తుంది.

నా పద్దులో ఆ ఫోన్‌కు ముందు అంకె 2. వాడు ఎత్తగానే అన్న మొదటి మాట "ఒరేయ్, నీ నంబరు నా దగ్గర కూడా ఉందిరా, నువ్వేమనుకుంటావో అని చేయలేదు". తర్వాత అంకె 10 వేశాను.

ఇదే వారంలో ఒక ఉత్తరం. మీకు మేలు చేసి, మీరు సరిగ్గా థ్యాంక్స్ చెప్పని మనిషిని ఎంచుకోండి. బతికున్నవాళ్లనే. కుమార్, ఎప్లీ 2018లో ఇలాంటి ఉత్తరాలు రాయించి, వాటిని అందుకున్నవాళ్లను వెతికి అడిగారు. రాసినవాళ్ల బెంగ మాటల మీద: సరైన పదాలు పడ్డాయా, కృతకంగా ఉందా అని. చదివినవాళ్లు చూసింది ఆప్యాయతను. రాసినవాళ్లు అనుకున్నదానికంటే వాళ్లు ఎక్కువ ఆశ్చర్యపోయారు, ఎక్కువ సంతోషించారు, తక్కువ ఇబ్బంది పడ్డారు.

తెలుగులో థ్యాంక్స్ చెప్పడం మనకు నిజంగానే చిక్కు. "కృతజ్ఞతలు" అంటే సన్మాన సభలా ఉంటుంది, "థ్యాంక్స్" అంటే పల్చగా ఉంటుంది. ఇంట్లోవాళ్లకైతే రెండూ నోట్లోంచి రావు. అందుకే ఆ మాటను వదిలేసి సంఘటన రాయండి. ఏ సంవత్సరం, ఎక్కడ, ఆయన ఏమన్నారు, దానివల్ల తర్వాత ఏం జరిగింది. "టెన్త్‌లో లెక్కలు తప్పాక మీరు నన్ను స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టి టీ ఇప్పించారు మేడమ్. తిడతారనుకున్నాను. సప్లిమెంటరీకి ఆ టీ వల్లే చదివాను." ఇంతే. ఒక పేజీ దాటొద్దు. వీలైతే స్వయంగా వెళ్లి చదివి వినిపించండి. మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో పరీక్షించిన పద్ధతుల్లో, ఉత్తరం రాసి చేతికివ్వడమే వెంటనే ఎక్కువ సంతోషాన్నిచ్చింది. దాని ప్రభావం ఓ నెల ఉంది, మూడు నెలలకు పోయింది. రోజూ రాత్రి ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాసుకున్నవాళ్లకు ప్రభావం నెమ్మదిగా మొదలై ఆరు నెలల దాకా నిలిచింది. పద్దు పుస్తకం చివరి పేజీల్లో అదీ రాసుకోవచ్చు.

నాలుగో వారం: మూడు వందలు, ఒక శుభవార్త

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2008లో వాంకూవర్‌లో డన్, లారా ఆక్నిన్, మైకేల్ నార్టన్ 46 మందికి పొద్దున్నే కవర్లలో 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చారు. సాయంత్రం ఐదులోపు సగం మంది తమ కోసం, సగం మంది ఇతరుల కోసం ఖర్చు పెట్టాలి. ఇతరులకు పెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. 5 అయినా 20 అయినా తేడా లేదు. ఇక్కడా ముందు ఊహించమన్నవాళ్లు తప్పు చెప్పారు. 2013లో 136 దేశాల సర్వే చూస్తే, 120 దేశాల్లో దానం ఇచ్చినవాళ్లకూ సంతోషానికీ సంబంధం కనిపించింది.  2020లో ఇతరుల కోసం ఖర్చు పెట్టించే ప్రయోగాలను ఇంకా పెద్ద ఎత్తున మళ్లీ చేస్తే ప్రభావం ఉందనే తేలింది గానీ, మొదట అనిపించినంత పెద్దది కాదు.

హుండీలో వేయడం, యాప్‌లో గుండుగుత్తగా చందా కట్టడం ఈ వారానికి పనికిరావు. ఫలితం కళ్లకు కనబడే చోట పెట్టండి. మూడు వందలతో వాచ్‌మన్ కూతురికి రికార్డు పుస్తకాలు వస్తాయి. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి బిర్యానీకి తీసుకెళ్లవచ్చు, మీరూ కూర్చుని తినండి. అప్పుగా కాదు, ఫొటో తీయకుండా.

శుభవార్త దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. కష్టం వచ్చినప్పుడు పక్కన నిలబడటం మనవాళ్లకు బాగా వచ్చు. ఆసుపత్రికి క్యారియర్లు మోస్తాం. మనం తప్పేది ఎదుటివాళ్లు మంచి కబురు చెప్పినప్పుడు. కాలిఫోర్నియాలో షెల్లీ గేబుల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతి మీదే పని చేసింది. మంచి కబురుకు జనం ఇచ్చే స్పందనలను నాలుగు రకాలుగా విడదీసింది. మన ఇళ్లల్లో అవి ఇలా వినిపిస్తాయి.

"బాబాయ్, అమ్మాయికి క్యాంపస్‌లో జాబ్ వచ్చింది."

ఒక బాబాయ్ అంటాడు: "మంచిదేగా." టీవీలోంచి చూపు తిప్పడు.
ఇంకో బాబాయ్: "బెంగళూరా? అద్దెలు మండిపోతున్నాయి. బాండ్ ఎన్నేళ్లు రాయించుకున్నారు?"
మూడో ఆయన: "సరేగానీ మావాడి వీసా ఇంకా తేల్లేదురా."
నాలుగో ఆయన: "అవునా! ఎప్పుడు తెలిసింది? ముందు ఎవరికి చెప్పింది? ఇంటర్వ్యూలో ఏం అడిగారట? దానికి ఫోనివ్వు."

గేబుల్ పరిశోధనల్లో దంపతుల మధ్య, ప్రేమించుకునేవాళ్ల మధ్య బంధం బలంగా ఉన్నది నాలుగో రకం స్పందన దొరుకుతుందని నమ్మేవాళ్లలోనే. మొదటి మూడూ దాదాపు ఒకే కోవకు చెందాయి. "మంచిదేగా" కూడా. రెండో బాబాయ్ చెడ్డవాడని కాదు, దిష్టి తగులుతుందన్న భయమో, మోసపోతారన్న ఆదుర్దానో అతని చేత అలా అనిపిస్తుంది. బాండ్ సంగతి రేపు అడగొచ్చు.

ఈ వారం ఒక్క శుభవార్తకైనా నాలుగో ఆయనలా స్పందించండి. ఫోన్ బోర్లించి, మూడు ప్రశ్నలు, మూడూ సంతోషం గురించే. ఫోన్ అన్నాను కాబట్టి: 2018లో డన్ శిష్యులు మూడు వందల మందికి పైగా స్నేహితులను, కుటుంబాలను హోటల్లో భోజనానికి కూర్చోబెట్టి చూశారు. ఫోన్లు బల్ల మీద ఉన్నవాళ్లకు ఆ పూట కొద్దిగానైనా తక్కువ రుచించింది.

పద్దు చూసుకునే ముందు కొన్ని జాగ్రత్తలు

ఈ రంగంలో తాలు కూడా చాలా ఉంది. పళ్ల మధ్య పెన్ను పెట్టుకుంటే ముఖం నవ్వినట్టై, కార్టూన్లు మరింత నవ్వు తెప్పిస్తాయన్న 1988 నాటి ప్రయోగం పేరున్నది. 2016లో 17 ప్రయోగశాలలు మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. ముక్కులో ఆక్సిటోసిన్ స్ప్రే కొడితే కొత్తవాళ్ల మీద నమ్మకం పెరుగుతుందని 2005లో వచ్చింది, పెద్ద ఎత్తున మళ్లీ చేసినప్పుడు నిలవలేదు. 2023లో డన్, డునిగన్ ఫోక్ పత్రికల్లో తరచూ కనిపించే ఆనంద సూత్రాల వెనక సాక్ష్యాన్ని గట్టి జల్లెడతో జల్లించారు. ధ్యానం, వ్యాయామం, ప్రకృతిలో నడక వెనక ఆ జల్లెడలో నిలిచే సాక్ష్యం అనుకున్నంత లేదు. కృతజ్ఞత, నలుగురితో మాట్లాడటం కొంత మెరుగ్గా నిలిచాయి. వ్యాయామం ఆరోగ్యానికి మంచిదే, మానకండి.

ఇంకో లెక్క. జూలియాన్ హోల్ట్-లన్‌స్టాడ్ అనే పరిశోధకురాలు 2010లో 148 అధ్యయనాలు, 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలు కలిపి చూసింది. మనుషుల తోడు గట్టిగా ఉన్నవాళ్లు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ తిరిగి, ఎక్కువమందితో కలుస్తారన్న మాట కూడా ఇందులో కొంత ఉండొచ్చు, కాబట్టి దీన్ని మందు చీటీలా చదవకండి.

రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేక, నిద్ర పట్టక, మనుషుల్ని చూడాలనే అనిపించకపోతే అది మొహమాటం కాదు. పద్దు పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

28వ రోజు: లెక్క తేల్చడం

ప్రతి వరసలో తర్వాత అంకెలోంచి ముందు అంకె తీసేయండి. అన్నీ కూడి వరసల సంఖ్యతో భాగించండి. నాకు సగటున 3కి కాస్త పైన వచ్చింది. అంటే పది మార్కుల్లో మూడు మార్కులు నా భయం కోత కోస్తోంది. మీ అంకె వచ్చాక దాన్ని నోటుబుక్కు అట్ట మీద పెద్దగా రాయండి. ఇకమీదట ఎవరినైనా పలకరించడానికి జంకినప్పుడు, మనసు చెప్పిన అంకెకు దాన్ని కలిపి చూసుకోండి.

వారాల వారీగా కూడా చూడండి. రెండో వారం చివరికి ముందు అంకెలు వాటంతట అవే పెరగడం కనిపిస్తే ప్రయోగం పని చేసినట్టు. తేడా తగ్గుతుంది, ఎందుకంటే అంచనా సరిపడుతోంది. ఆశ్చర్యం కూడా కొంచెం తగ్గుతుంది, షుల్ట్జ్ కోతులకు లాగే.

తేడా సున్నా కంటే తక్కువొచ్చిన వరసలు కొన్ని ఉంటాయి. వాటిని కొట్టేయకండి. వేళ తప్పా, చోటు తప్పా, మనిషి తప్పా అని పక్కన ఒక మాట రాసుకోండి. వేళో చోటో అయితే మరోసారి ప్రయత్నించండి. నా పద్దులో అలాంటివి నాలుగు. మూడు రెండోసారికి సర్దుకున్నాయి. నాలుగోది మా పై అంతస్తు ఆయన. ముందు అంకె 6 వేసి వెళ్లాను, 2 వచ్చింది. వారం ఆగి ఇంకో వేళలో ప్రయత్నించాను, మళ్లీ 2. ఇప్పటికీ లిఫ్టులో ఆయన ఒక మూల, నేనొక మూల, ఇద్దరం తలుపు పైన మారే అంకెలు చూస్తూ దిగుతున్నాం.